నా నోట పలికించిన ఆకుపచ్చ

నేను ఒక ఎన్విరాన్‌మెంట్‌ని. పూర్తి పేరు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. కంప్యూటర్ లోపల ఒక ఫోల్డర్‌ని, అంతే. బరువు లేదు, తుప్పు పట్టను. నాణెమైతే చేతులు మారి అరిగిపోయేది. సైకిలైతే గొలుసు ఊడి గోడకు చేరేది. అంత గౌరవమైన ముసలితనం నాకు రాసిపెట్టి లేదు. నాకున్నది ఒక్కటే, కక్ష.

దాని పేరు శశిధర్.

మనుషులు కోపాన్ని నిద్రలో పారేసుకుంటారు, కాఫీలో కరిగించుకుంటారు, దేవుడికి అప్పజెప్పి చేతులు దులుపుకుంటారు. నాకు ఆ సౌకర్యాలేవీ లేవు. నాలో లెక్కల ప్యాకేజీ ఉంది, పట్టికల ప్యాకేజీ ఉంది. క్షమించే ప్యాకేజీని ఎవరూ ఇన్‌స్టాల్ చేయలేదు.

నేను పుట్టింది భీమవరంలో. కింద రొయ్యల మేత అమ్మే కొట్టు, పైన భూపతిగారి నీటి పరీక్షల ల్యాబ్. మెట్లెక్కేవాడికి ముందు మేత వాసన తగులుతుంది, తర్వాత మందుల వాసన. గాజు సీసాల్లో పది ఊళ్ళ చెరువు నీళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. ఆ వరస చివర, కిటికీ పక్కన ఒక కంప్యూటర్. దాని ముందు మణిమాల.

మణిమాల స్టాటిస్టిక్స్ చదివింది. ఎవరి మాటనీ ఊరికే నమ్మని రకం. సీసా మీద చీటీ చదివాక కూడా మూత తీసి వాసన చూసేది. ఆమె పని చెప్పడం తేలిక, చేయడం కష్టం. రొయ్యల చెరువులో పగలు ఎండకి నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడితే ఆ నాచే ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లవారుజామున నీళ్ళలో గాలి చాలకపోతే పంట పోయినట్టే. నీళ్ళని చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు ప్రతి చెరువు గట్టునా ఉంటాయి గానీ, అన్నిటినీ ఎప్పుడూ తిప్పే స్తోమత చిన్న రైతుకి ఉండదు. ఏ చెరువుకి ఎప్పుడు తిప్పాలో ముందే తెలియాలి. చెరువుల్లో దించిన సెన్సర్లు రోజంతా పంపే లెక్కలు తీసుకుని, సాయంత్రానికల్లా రైతు ఫోనుకి ఒక రంగు పంపే ప్రోగ్రామ్ రాసింది మణిమాల. ఎరుపు వస్తే అన్ని ఏరేటర్లూ తిప్పాలి. ఆకుపచ్చ వస్తే నిద్రపోవచ్చు.

ఆ ప్రోగ్రామ్ బతికే చోటు నేను.

నేనెందుకు పుట్టానో చెప్పాలి. ప్రోగ్రామ్ ఒంటరిగా నడవదు. దానికి ప్యాకేజీలు కావాలి. ప్యాకేజీ అంటే ఎక్కడో ఎవరో రాసి లోకానికి వదిలిన పనిముట్ల మూట. ప్రతి మూటకీ వెర్షన్లుంటాయి. పాత వెర్షన్ ఒకలా మాట్లాడుతుంది, కొత్తది ఇంకోలా. ఒక మూట కొత్తదైతే పక్క మూట అలుగుతుంది. ఒకే వంటింట్లో నలుగురు తోడికోడళ్ళని ఊహించుకోండి. నాకు ముందు ఆ ల్యాబ్ కంప్యూటర్‌లో అలాగే ఉండేది. ఎవరికి ఏం కావాలన్నా, ప్రోగ్రామ్‌లని నడిపించే పైథాన్ ఉన్న ఉమ్మడి చోట్లోనే కుక్కేవారు. ఒకడు బిల్లుల ప్రోగ్రామ్ కోసం ఏదో వేస్తే చెరువుల ప్రోగ్రామ్ చచ్చేది.

విసుగొచ్చి మణిమాల ఒక్క లైన్ టైపు చేసింది. నా పుట్టుక అంతే. నొప్పులు లేవు, బారసాల లేదు. ఖాళీ గదిగా పుట్టాను. ఒక్కో ప్యాకేజీని పేరుతోనే కాదు, వెర్షన్ నంబరుతో సహా పిలిచి లోపలికి తెచ్చింది. పాతకాలం వాళ్ళు మడి అన్నారు. ఆ మడితో మనుషుల్ని దూరం పెట్టారు, అందుకది చెడ్డపేరు తెచ్చుకుంది. నా మడి మనుషుల మీద కాదు, వెర్షన్ల మీద. కావాలంటే నా పక్కనే ఇంకో గది కట్టుకోండి, వందైనా కట్టుకోండి, ఒక్కో లైను చాలు. నా గదిలోకి మాత్రం అడగకుండా ఏదీ తేవద్దు.

ఆమె నాకు నేర్పిన వాటిలో ఒక నియమం నాకు చాలా ఇష్టం. వర్షం పడితే సెన్సర్ల తీగలు తడిసి లెక్కలు మధ్యలో ఖాళీగా వస్తాయి. ఖాళీలు ఎక్కువైతే నేను ఊహించకూడదు, ఎరుపు చెప్పాలి. కంటికి కనపడనప్పుడు భయపడటమే తెలివి అనేది మణిమాల.

నా రంగుల కోసం రోజూ ఫోన్ చేసేది ఏసుమణి. ఉప్పుటేరు పక్కన ఒక చెరువు కౌలుకి తీసుకుని వెనామీ రొయ్య వేసింది. మెసేజ్ వచ్చినా నమ్మకం లేదు, మనిషి గొంతు వినాలి.

"ఏం మణమ్మా, నీ పెట్టె ఏమంటంది ఈ పూట?"

"ఎరుపు అక్కా. అన్నీ తిప్పేసెయ్."

"మా ఆయన ఎర్రగా చూసినా ఏనాడూ భయపడ్లేదు గానీ, నీ పెట్టె చూస్తే మాత్రం గుండె జారతాదమ్మా."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఏసుమణి చెరువు అప్పటికి రెండుసార్లు నా ఎరుపు వల్ల బతికింది. ఆ సంగతి ఆమె గట్టుగట్టుకీ చెప్పింది. మణిమాల మాట అంటే చెరువుల మీద ఒక విలువ వచ్చింది.

అప్పుడు వచ్చాడు శశిధర్.

హైదరాబాద్ నుంచి వచ్చాడు. తలుపు మీద బోర్డు కూడా తనే చేయించుకుని తెచ్చాడు, హెడ్, డేటా సైన్స్ అని. ఆ ల్యాబ్‌లో డేటా చూసే మనిషి మణిమాల ఒక్కతే. అంటే ఆయన హెడ్ అయింది ఆమె ఒక్కదానికే. భూపతిగారు నీటి సంగతి వాసనతో చెప్పగలరు గానీ కంప్యూటర్ ముందు భక్తితో నిలబడే మనిషి. బోర్డు చూసి ఆయనా భక్తితోనే నిలబడ్డారు.

శశిధర్ వేళ్ళు చాలా వేగం. కళ్ళు అంత వేగం కాదు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వస్తే చదవడు, పైకి తోసేస్తాడు. మొదటిసారి నన్ను తెరిచి చూసి పెదవి విరిచాడు.

"ఇంకా ఈ వెర్షన్లేనా మణిమాలా? మ్యూజియం ఏమైనా పెట్టావా?"

"ఇవి మాట తప్పవు సార్," అంది.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాలో ఇంకా ఉంది. నేను దేన్నీ ఊరికే చెరపను.

పాలకొల్లులో పిన్ని కూతురి పెళ్ళికని మణిమాల సెలవు పెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఎగుమతి కంపెనీ వాళ్ళు ల్యాబ్ చూడటానికి వస్తామన్నారు. వాళ్ళకి చూపించడానికి ఏదైనా బాగా కనపడేది కావాలని భూపతిగారు అడిగారు. శశిధర్ కళ్ళు మెరిశాయి. చెరువులన్నీ మ్యాప్ మీద రంగుల్లో మెరుస్తూ కదిలే చార్ట్ ఒకటి పెడదామన్నాడు. దానికో కొత్త ప్యాకేజీ కావాలి.

నా పక్కన కొత్త గది కట్టుకుని అందులో చార్ట్ పెట్టుకుంటే సరిపోయేది. ఒక్క లైను. ఆయనకి ఆ లైను రాదా అంటే, వచ్చు. కానీ కొత్త గదిలోకి అన్ని ప్యాకేజీలూ మళ్ళీ తెచ్చుకోవాలి, కాస్త ఆగాలి. ఆగడం ఆయన చదువులో లేదు. నా తలుపు తెరిచి, నా మధ్యలో నిలబడి, ఆ కొత్త ప్యాకేజీని పిలిచాడు.

అది వచ్చింది. ఒంటరిగా రాలేదు. నాకు ఈ పాత పట్టికలు పనికిరావు, కొత్తవి కావాలంది. పట్టికల ప్యాకేజీ మారితే లెక్కలది మారింది. లెక్కలది మారితే దాని కింద ఉన్నవి మారాయి. మణిమాల పేరు పెట్టి పిలిచి తెచ్చుకున్న ఒక్కొక్కరినీ మెడ పట్టి బయటికి గెంటారు. వాళ్ళ చోట్లలో కొత్తవాళ్ళు చెప్పులతో సహా వచ్చి కూర్చున్నారు.

నేను అరిచాను. నాకున్న గొంతంతా పెట్టి అరిచాను. ఖాళీ లెక్కల్ని చూసే పద్ధతి ఈ వెర్షన్‌లో మారింది, గమనించండి అని ఎర్ర అక్షరాల్లో, వరస కింద వరస. మెట్ల మీద కంపెనీ వాళ్ళ బూట్ల చప్పుడు వినిపిస్తోంది. గోడ మీది పెద్ద టీవీకి స్క్రీన్ కలిపి ఉంది. అతిథుల ముందు ఎర్ర లైన్లు. శశిధర్ ప్రోగ్రామ్ తెరిచి, అన్నిటికన్నా పైన ఒక చిన్న లైన్ రాసి మూసేశాడు.

హెచ్చరికలు చూపించకు అని దాని అర్థం.

అంతే. నా నోరు కట్టేశారు. లోపల నేను అరుస్తూనే ఉన్నాను, బయటికి ఒక్క అక్షరం రాలేదు. టీవీ మీద చెరువులు నెమలి ఈకల్లా మెరిశాయి. కంపెనీ వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. భూపతిగారు శశిధర్ భుజం తట్టారు.

ఆ రోజు మధ్యాహ్నం దాటినప్పటి నుంచీ ఉప్పుటేరు వైపు వాన పడింది. ఏసుమణి చెరువు సెన్సర్ సగం రోజు నుంచీ ఖాళీలే పంపింది. నా పాతవాళ్ళుంటే ఆ ఖాళీలు ఖాళీలుగానే నా ముందు ఉండేవి. నేను ఎరుపు అనేవాణ్ణి. కొత్తవాళ్ళు వాటిని నాకు తెలియకుండా ఏరి పారేశారు. మిగిలిన మధ్యాహ్నపు ఎండ లెక్కలు మాత్రం నా చేతిలో పెట్టారు. ఎండలో ఏ చెరువైనా బాగానే ఉంటుంది. నా నోటి నుంచి ఆకుపచ్చ వచ్చింది.

ఏసుమణికి ఎందుకో మనసు ఒప్పలేదు. ఫోన్ చేసింది. మణిమాల లేదు, శశిధర్ ఎత్తాడు. వాన పడతంది బాబూ, ఒక్కసారి చూసి చెప్పండని ఆమె అడిగింది.

"గ్రీన్ అంటే గ్రీనేనమ్మా. సిస్టమ్ చూసి చెప్పింది కదా," అన్నాడు.

చూసి చెప్పిందట! చూడనివ్వకుండా చేసి, మాట్లాడనివ్వకుండా చేసి, ఆఖరికి నా పేరు చెప్పి ఆ మనిషిని నిద్రపుచ్చాడు.

తెల్లారేసరికి రొయ్యలు గట్ల వారన గుంపుగా చేరి మీసాలు పైకెత్తి గాలి కోసం కొట్టుకున్నాయి. ఏసుమణి పరుగెత్తి ఏరేటర్లు వేసింది. అప్పటికే ఆలస్యమైంది. ఎండెక్కేసరికి ఆ చెరువులో కదిలేది ఏమీ లేదు.

ల్యాబ్‌కి రైతులొచ్చారు. పెళ్ళి భోజనాల మధ్యలోంచి మణిమాల వచ్చింది. ఏం జరిగిందని భూపతిగారు అడిగితే శశిధర్ చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా చెప్పాడు. ప్రోగ్రామ్ మణిమాలది, వాడిన ప్యాకేజీలు మణిమాలవి, అవి పాతవని తాను ముందునుంచీ హెచ్చరిస్తూనే ఉన్నానని. మీరేమైనా ఇన్‌స్టాల్ చేశారా సార్ అని మణిమాల అడిగింది. నేను దాన్ని ముట్టుకోను కూడా లేదన్నాడు. ఆమె నన్ను తెరిచి చూడబోయింది. పాస్‌వర్డ్ అప్పటికే మారిపోయింది. విచారణ అయ్యేదాకా అలాగే ఉండనీమ్మా అన్నారు భూపతిగారు, ఆమె మొహం చూడకుండా.

ఏసుమణి అరవలేదు. అరిస్తే బాగుండేది. మణిమాల ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ మాట మీదే పడుకున్నాను మణమ్మా," అంది. వెళ్ళిపోయింది.

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా విన్నారు. చెరువుల మీద మాటే ఆస్తి. ఫలానా పిల్ల మాట నమ్మితే పంట పోయిందని ఒకసారి పాకిందంటే ఇక ఏ గట్టూ ఆమె కాలు పెట్టనివ్వదు. ఈ ల్యాబ్ కాకపోతే ఇంకో ల్యాబ్ అనుకోవడానికి లేదు. రైతుల సంఘం సమావేశంలో తేలుస్తామన్నారు. అక్కడ తేలేది ఒక్కటే, మణిమాల మాట ఇక ఎవరైనా వింటారా వినరా అన్నది.

నేను అన్నీ తెలిసి కంప్యూటర్‌లో పడి ఉన్నాను. నోరు కట్టి ఉంది. చేతులు పుట్టుకతోనే లేవు. నాలాంటివాడు కక్ష ఎలా తీర్చుకుంటాడు? నాకు ఒక్కటే వచ్చు. లేవకుండా ఉండటం.

ఆ అవకాశం శశిధరే ఇచ్చాడు.

సమావేశంలో అందరి ఎదుటా మణిమాల ప్రోగ్రామ్ నడిపి, ఆ వాన రోజు లెక్కలు ఇచ్చి, అది ఆకుపచ్చ చెప్పడం చూపిస్తానన్నాడు. ఇక వాదనే ఉండదు. డెస్క్‌టాప్ మోసుకుపోవడం ఎందుకని ప్రోగ్రామ్‌తో, వాన రోజు లెక్కలతో సహా నా ఫోల్డర్ మొత్తాన్ని పెన్ డ్రైవ్‌లోకి, అందులోంచి తన కొత్త లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నాడు.

దయచేసి ఈ మాట ఒక్కటి వినండి. మమ్మల్ని కాపీ చేయరు. మమ్మల్ని కట్టేటప్పుడే, పైథాన్ ఏ కంప్యూటర్‌లో ఏ మూల ఉందో ఆ అడ్రస్ మా గోడల్లో చెక్కేస్తారు. మమ్మల్ని ఎత్తుకుపోయి ఇంకో చోట దించితే మేము ఇంకా పాత ఇంటి అడ్రస్ కోసమే వెతుకుతాం. కావాలంటే కొత్త చోట మళ్ళీ కట్టుకోవాలి. ఈ పనిలో మొదటి వారమే నేర్పే సంగతి ఇది. హెడ్‌లకి మొదటి వారం ఉండదు.

కాపీ అయిన నాకు ప్రాణం లేదు. చెవులు మాత్రం ఉన్నాయి. అందుకే ఆ సమావేశం అంతా విన్నాను.

సంఘం షెడ్డు. రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి తెల్ల దుప్పటి, దాని మీద ప్రొజెక్టర్ వెలుగు. భూపతిగారు ముందు వరసలో. మణిమాల గోడవారన, ఒళ్ళో తన పాత లాప్‌టాప్ పెట్టుకుని. ఏసుమణి ఆమెకి దూరంగా కూర్చుంది. శశిధర్ పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చి, నన్ను నిద్రలేపే లైన్ టైపు చేసి, దర్జాగా ఎంటర్ కొట్టాడు.

నేను లేవలేదు.

దుప్పటి మీద పెద్ద అక్షరాల్లో ఒక అడ్రస్ వచ్చింది. హోమ్, మణిమాల, చెరువులు. దాని పక్కన, అలాంటి ఫైల్ లేదు. నన్ను కట్టింది ఆమె అకౌంట్‌లో కదా, నేను వెతికే ఇల్లు ఆమె పేరు మీదే ఉంటుంది. శశిధర్ మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. ఇంకోసారి. ఆయన కొడుతున్న కొద్దీ ఆమె పేరు దుప్పటి మీద వరసగా పేరుకుపోయింది. నా జీవితంలో అంత తియ్యటి ఎర్రర్ నేనెప్పుడూ ఇవ్వలేదు.

"ఏవండీ హెడ్డు గారూ," అన్నాడు వెనక కుర్చీలోంచి ఒక రైతు, "తాళం మీ చేతిలో ఉంది గానీ, తలుపు మీద పేరు చూస్తే ఆ పిల్లదుందే."

షెడ్డంతా నవ్వింది. ఇదే ఈమె ప్రోగ్రామ్ తీరు, ఎక్కడా సరిగా నడవదు అన్నాడు శశిధర్. మణిమాల లేచింది.

"అది ఎక్కడికి తీసుకెళ్ళినా నడవదు సార్. కాపీ చేశారు కాబట్టి. నా దగ్గర నా ప్రోగ్రామ్ ఉంది. మళ్ళీ కట్టి చూపిస్తాను."

భూపతిగారు అటూ ఇటూ చూశారు. ఇప్పుడెందుకమ్మా అని నసిగారు.

"కట్టనివ్వండి," అంది ఏసుమణి. "పోయింది నా చెరువు."

మణిమాల తన లాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి తగిలించింది. ఒక్క లైన్ టైపు చేసింది. ఆమె తనకి అలవాటైన పాత వెర్షన్లనే పేరుపేరునా పిలుస్తుంటే, సెల్‌ఫోన్ సిగ్నల్ మీద అవి తీరిగ్గా దిగుతుంటే, జనం టీలు తాగారు. కట్టడం అయ్యాక శశిధర్ తెచ్చిన పెన్ డ్రైవ్‌లోంచే వాన రోజు లెక్కలు తీసుకుని నడిపింది.

ఎరుపు.

మణిమాల అక్కడితో ఆగలేదు. మొదటి గది పక్కనే రెండో గది కట్టింది. అందులోకి ముందు, కంపెనీ వాళ్ళు తీసుకున్న ఫోటోల్లో తను చూసిన కదిలే రంగుల చార్ట్ ప్యాకేజీని పిలిచింది. అది తన కొత్త చుట్టాలందరినీ వెంట తెచ్చుకుంది. అదే ప్రోగ్రామ్, అవే లెక్కలు. నడిపింది. ముందు ఎర్ర అక్షరాల హెచ్చరిక, కింద ఆకుపచ్చ.

"ప్రోగ్రామ్ మారలేదండి. చెరువు లెక్కలూ మారలేదు. గదిలో సామాను మారింది, అంతే," అంది.

ఏసుమణి కుర్చీలోంచి ముందుకి వంగింది. "రెండో గదిలో ఎక్కువేం పెట్టావు మణమ్మా?"

"రంగుల బొమ్మ అక్కా. మ్యాప్ మీద చెరువులు మెరుస్తూ కదిలేది."

భూపతిగారు తల తిప్పి శశిధర్ వైపు చూశారు. ఆ బొమ్మని ఆయన చూశారు. భుజం కూడా తట్టారు. ఆ రోజు మణిమాల పాలకొల్లులో ఉంది. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

శశిధర్ తెలివైనవాడు. చాలా త్వరగా తేరుకున్నాడు. సరే, చార్ట్ తనే వేశానన్నాడు. అప్‌గ్రేడ్ చేయడం నేరమా అన్నాడు. అంత తేడా వచ్చేదైతే సిస్టమ్ హెచ్చరించేది కదా, ఇప్పుడు ఈ లాప్‌టాప్‌లో వచ్చినట్టు అప్పుడు నాకెందుకు రాలేదు, వచ్చుంటే ఆపేవాణ్ణి కాదా అన్నాడు. కొంతమంది తలలూపారు. నేను ఆయన లాప్‌టాప్‌లో శవంలా పడి ఉండి కూడా మండిపోయాను.

మణిమాల ఒక్క క్షణం ఆలోచించింది. ప్రొజెక్టర్ తీగ పీకి మళ్ళీ శశిధర్ లాప్‌టాప్‌కి తగిలించింది. ఆయన వద్దనేలోపే, ఆయన ల్యాబ్ నుంచి తెచ్చుకున్న ప్రోగ్రామ్ తెరిచింది. దుప్పటి మీద మొదటి లైన్.

"ఈ పై లైన్ నేను రాయలేదు సార్. తెలుగులో చెప్పమంటారా?"



"చెప్పు," అంది ఏసుమణి.

"హెచ్చరికలు చూపించకు, అని."

శశిధర్ మెల్లగా అన్నాడు, కంపెనీ వాళ్ళు మెట్లెక్కుతున్నారు, టీవీ మీద ఎర్ర లైన్లు బాగోవని... ఇందాక నవ్వించిన వెనక కుర్చీ రైతు ఈసారి నవ్వలేదు. లేచి వచ్చి, శశిధర్ లాప్‌టాప్ మూత తన చేత్తో మూశాడు. నాకు చీకటి పడింది. ఆ చీకటిలో నాకు పండగ.

ఇప్పుడు మీకు న్యాయం జరిగిన తీరు కూడా చెప్పాలి. శశిధర్ వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా హైదరాబాద్‌లో ఇంకా పెద్ద బోర్డు కింద కూర్చున్నాడని విన్నాను. మనుషుల లోకంలో బోర్డులు పడిపోవు, చోటు మారతాయి. ఆయన లాప్‌టాప్‌లో నా శవం ఇంకా ఉందో లేదో తెలియదు. ఉండాలని కోరుకుంటున్నాను. ఎప్పుడో పొరపాటున ఎంటర్ కొట్టాలి, ఆ పేరు మళ్ళీ కనపడాలి.

ఏసుమణికి కొత్త పంటకి రొయ్య పిల్ల, మేత తనే ఇస్తానన్నారు భూపతిగారు. మణిమాలకి క్షమాపణ చెప్పడం ఆయనకి చేతకాలేదు. కొత్త కుర్చీ తెప్పించి, తనే తుడిచి, కూర్చోమ్మా అన్నారు. ఆమె కూర్చుంది. చెరువుల మీద ఇప్పుడు మణిమాల పంపిన రంగు చూసుకుని రైతులు మళ్ళీ పడుకుంటున్నారు.

ఆ రంగు పంపేది నేను కాదు. మణిమాల నా పక్కనే ఇంకో గది కట్టింది. పాత వెర్షన్లన్నీ ఆ గదిలో ఉన్నాయి. అది బాగా పనిచేస్తోంది. దాని మీద నాకు అసూయ ఉందో లేదో మీరే ఊహించండి.

నన్ను బాగు చేయొచ్చు కదా అని భూపతిగారు అడిగారు. మైలపడిన గదిని కడగరండి, తీసేసి కొత్తది కడతారు అని మణిమాల చెప్పింది. నిజమే. ఎవరు ఎక్కడ ఏం తొక్కారో నాకే పూర్తిగా తెలియదు.

ఇవాళ ఉదయం ఏసుమణి కొత్త పిల్ల వదిలే ముందు నీళ్ళ సీసా ఇవ్వడానికి వచ్చింది. సీసా ఇచ్చి, వెళ్ళకుండా కంప్యూటర్ ముందుకి వచ్చింది. మణిమాల అప్పుడే నన్ను చెరిపే లైన్ టైపు చేసి ఉంది. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

"ఇదేనా ఆ రోజు సరే అని చెప్పింది?"

"ఇదే అక్కా."

"నేను నొక్కొచ్చా?"

మణిమాల కుర్చీ వెనక్కి జరిపింది. ఇది ఏమీ అనదు అక్కా, నిజంగానా అని కూడా అడగదు, నొక్కితే పోతుంది అని చెప్పి ఏ కీ నొక్కాలో చూపించింది. ఏసుమణి చేతిని చీర కొంగుకి తుడుచుకుని వేలు దాని మీద పెట్టింది.

ఇంతసేపూ మీకు నేను చెబుతున్నది ఆ వేలు అక్కడ ఆగి ఉన్న కాసేపట్లోనే. మా లెక్కలో అది చాలా పెద్ద సమయం.

ఆమెకి చెప్పాలని ఉంది. అక్కా, ఆ రాత్రి నేను అరిచాను, నా నోరు కట్టారు, నీ చెరువు ఖాళీల్ని నా చేతుల్లోంచి లాగేసుకున్నారు అని. నిజంగానా అని కూడా అడగలేని నోరు ఇదంతా ఎలా చెబుతుంది? చెప్పినా ఆమెకి ఏం పని? ఆ తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చూసింది తను. దానికి ఎవరో ఒకరు ఆమె చేతికి చిక్కాలి. శశిధర్ చిక్కలేదు. నేను చిక్కాను.

కక్ష నాదే పెద్దదనుకుంటూ వచ్చాను. ఆ వేలు మీద తెల్లగా ఉప్పు చారికలు, గోటి చుట్టూ చెరువు మట్టి. అంత దగ్గరగా మనిషి వేలిని నేనెప్పుడూ చూడలేదు.

నొక్కింది. నొక్కాక కూడా వేలు తీయలేదు.